హెచ్‌డీకి చోటిచ్చిన నీలి లేజర్

పెళ్లిని హెచ్‌డీలో తీయించుకుని, చివరికి మామూలు డీవీడీ అందుకున్న కుటుంబాలు మన దగ్గర కోకొల్లలు. ఫుల్ హెచ్‌డీ కెమెరా ఒక్కో ఫ్రేములో 1920 × 1080, అంటే 20 లక్షల 73 వేల పైచిలుకు చుక్కలు పడుతుంది. డీవీడీలో పట్టేవి 720 × 576. లెక్కేసి చూడండి, సరిగ్గా ఐదో వంతు. మిగతా నాలుగు వంతులూ మిక్సింగ్ గదిలోనే ఆగిపోయాయి. వాటిని ఇంటిదాకా చేర్చడానికి పుట్టిన వస్తువు బ్లూ రే డిస్క్. దాని పుట్టుక మాత్రం సినిమాతోనూ డిస్కులతోనూ సంబంధం లేని చోట, జపాన్‌లోని షికోకు దీవిలో ఒక రసాయనాల కంపెనీలో మొదలైంది.

డిస్కు మీద ఎంత రాయగలమన్నది లేజర్ చుక్క ఎంత సన్నగా పడుతుందన్న దాన్నిబట్టి ఉంటుంది. కాంతి తరంగం పొట్టిదైతే చుక్క సన్నబడుతుంది. 1982లో వచ్చిన సీడీది కంటికి కనపడని 780 నానోమీటర్ల కాంతి. 1996లో వచ్చిన డీవీడీది 650 నానోమీటర్ల ఎరుపు. ఇంకా కిందికి దిగాలంటే నీలం వైపు వెళ్లాలి. చిక్కల్లా అక్కడే. నీలి కాంతినిచ్చే మంచి సెమీకండక్టర్ ఎవరి దగ్గరా లేదు. చాలామంది పరిశోధకులు జింక్ సెలెనైడ్‌ను నమ్ముకున్నారు. గాలియం నైట్రైడ్ అంటే అప్పట్లో పెదవి విరుపే. లోపాలు లేని స్ఫటికంగా దాన్ని పెంచడం ఎవరికీ ఒక పట్టాన కుదరలేదు.

నగోయా విశ్వవిద్యాలయంలో ఇసాము అకసాకి, హిరోషి అమానో ఆ పదార్థాన్నే పట్టుకుని వేలాడారు. షికోకులోని నిచియా కంపెనీలో షుజి నకమురా కూడా అదే దారి పట్టాడు. ఆయన తన రియాక్టర్‌ను తానే విప్పి, మార్చి, మళ్లీ బిగించుకుంటూ పనిచేసిన మనిషి. 1993లో నిచియా బాగా వెలిగే నీలి ఎల్‌ఈడీని ప్రకటించింది. 1996 నాటికి అదే పదార్థంతో నీలి ఊదా లేజర్ కూడా వెలిగింది. ఈ ముగ్గురికీ 2014లో ఎల్‌ఈడీకే భౌతిక శాస్త్ర నోబెల్ వచ్చింది. అన్నట్టు, నకమురాకు కంపెనీ ఇచ్చిన బహుమతి 20 వేల యెన్లు. ఆయన కోర్టుకెక్కితే, 2005లో దాదాపు 84 కోట్ల యెన్లకు రాజీ కుదిరింది.

ఆ నీలి ఊదా లేజర్‌దే 405 నానోమీటర్ల కాంతి. 2002 ఫిబ్రవరిలో సోనీ, ఫిలిప్స్, మత్సుషిత సహా తొమ్మిది కంపెనీలు దాని ఆధారంగా బ్లూ రే ప్రమాణాన్ని ప్రకటించాయి. సమాచారం రాసే ఒక గీతకూ పక్క గీతకూ మధ్య దూరం డీవీడీలో 0.74 మైక్రాన్లు, ఇందులో 0.32. డీవీడీ ఒక పొరలో 4.7 జీబీ పడితే ఇక్కడ 25 జీబీ. కాంతిని అంత గట్టిగా కేంద్రీకరించే కటకంతో వచ్చిన ఇబ్బంది, డిస్కు కాస్త ఒరిగినా చుక్క చెదిరిపోవడం. అందుకని సమాచారం ఉన్న పొరను ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు దూరంలోకి తెచ్చారు. అంత పైనున్న పొర మీద గోరు గీత పడితే సంగతి ఏమిటి మరి? 2003లో జపాన్‌లో వచ్చిన తొలి సోనీ రికార్డర్ డిస్కుల్ని ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి ఇచ్చేవారు. ఆ రికార్డర్ ధర నాలుగున్నర లక్షల యెన్లు. టీడీకే కంపెనీ గట్టి పూత కనిపెట్టాకే డబ్బీ పీడ వదిలింది. తోషిబా వాళ్ల పోటీ డిస్కు హెచ్‌డీ డీవీడీతో పోరు 2008 ఫిబ్రవరిలో బ్లూ రే గెలుపుతో ముగిసింది. దాని గురించి పేజీలకు పేజీలు రాశారు గానీ, నా దృష్టిలో అసలు కథ అది కాదు.

అసలు కథ కెమెరాకూ డిస్కుకూ మధ్య ఉంది. కుదించని ఫుల్ హెచ్‌డీ, సెకనుకు 25 ఫ్రేముల చొప్పున, సెకనుకు దాదాపు 155 ఎంబీ మింగుతుంది. ఆ లెక్కన 25 జీబీ డిస్కు రెండు నిమిషాల నలభై సెకన్లలో నిండిపోతుంది. కాబట్టి కుదించక తప్పదు. 2003లో ప్రకటించిన హెచ్‌డీవీ పద్ధతి 1440 × 1080 బొమ్మను ఎంపెగ్2తో సెకనుకు 25 మెగాబిట్లకు కుదించి, పాత మినీ డీవీ టేపు మీదే ఎక్కించింది. 2006లో సోనీ, పానాసోనిక్ తెచ్చిన ఏవీసీహెచ్‌డీ అంతకంటే తెలివైన హెచ్.264ను వాడింది.

ఈ కుదింపు కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిది. అరసెకనుకోసారి ఒక ఫ్రేమును పూర్తిగా రాస్తారు. తర్వాతి పది పన్నెండు ఫ్రేముల్లో దానికీ వీటికీ ఉన్న తేడాలే ఉంటాయి. చూడటానికి హాయిగానే ఉంటుంది, కోయాలంటేనే తంటా. తాళి కట్టగానే అక్షింతలు లేచిన ఆ క్షణం నుంచి షాటు మొదలవ్వాలి అనుకుందాం. అక్కడున్నది తేడాల ఫ్రేమే. కంప్యూటర్ వెనక్కి వెళ్లి పూర్తి ఫ్రేమును విప్పి, అక్కడినుంచి ఒక్కో తేడా కలుపుకుంటూ రావాలి. కొన్ని తేడాలు ముందు రాబోయే ఫ్రేమును కూడా అడుగుతాయి. ఆనాటి కంప్యూటర్లు ఇక్కడే చతికిలబడ్డాయి. టైమ్‌లైన్ మీద మౌస్ కదిపితే బొమ్మ రెండు క్షణాల తర్వాత కదిలేది.

దానికి ఎడిటర్లు కనిపెట్టుకున్న మందు, ఫుటేజీని ముందే ప్రతి ఫ్రేమూ స్వతంత్రంగా ఉండే రూపంలోకి మార్చుకోవడం. యాపిల్ 2007లో తెచ్చిన ప్రోరెస్ అలాంటిదే. ఫైలు కొన్ని రెట్లు ఉబ్బుతుంది గానీ కత్తిరింపు సాఫీగా సాగుతుంది. హార్డ్ డిస్కు చోటిచ్చి, కాలం కొనుక్కోవడమన్నమాట.

ఎక్స్‌పోర్ట్‌లో మళ్లీ కుదింపు. హెచ్.264తో సెకనుకు 24 మెగాబిట్లు పెడితే 25 జీబీలో రెండు గంటల పంతొమ్మిది నిమిషాలు పడతాయి. మెనూలు కట్టడం మరో పని; అందుకు చాలామంది వాడిన అడోబీ ఎన్‌కోర్‌కు సీఎస్6 తర్వాత కొత్త వెర్షనే రాలేదు. ఇక రాసే డిస్కులో అచ్చు గుంటలుండవు. లేజర్ శక్తి పెంచి ఒక చుక్కను కాలిస్తే అక్కడి పదార్థం మారి, కాంతిని తిప్పికొట్టే తీరు మారుతుంది. టీడీకే డిస్కుల్లో ఆ పొర రాగి, సిలికాన్‌లది. వేడికి రెండూ కలిసిపోతాయి. 1ఎక్స్ వేగంతో డిస్కు నిండటానికి గంటన్నర. ఖరీదు భరించలేని వాళ్లకు అడ్డదారి కూడా ఉండేది: మామూలు డీవీడీ మీదే ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో హెచ్‌డీ రాయడం. 18 మెగాబిట్ల చొప్పున ముప్పై అయిదు నిమిషాల లోపే పట్టేది. పెళ్లికి చాలదు, తలంబ్రాలకు సరి.

హెచ్‌డీ డీవీడీని ఓడించిన బ్లూ రే పెన్‌డ్రైవ్ ముందు, ఇంటర్నెట్ ముందు నిలవలేకపోయింది. యాపిల్ తన కంప్యూటర్లలో బ్లూ రే డ్రైవు ఏనాడూ పెట్టలేదు. పానాసోనిక్ 2023లో, సోనీ 2025 ఫిబ్రవరిలో రాసే బ్లూ రే డిస్కుల తయారీ ఆపేశాయి. సినిమా డిస్కులు ఇంకా వస్తున్నాయి. ఇంటి వీడియోలకు మాత్రం అది రావాల్సినప్పుడు ఖరీదైంది, చవకయ్యేసరికి అవసరం తీరిపోయింది. ఒక్క గుణం మాత్రం పెన్‌డ్రైవ్‌కు లేదు: ఒకసారి కాల్చిన డిస్కును పొరపాటున ఎవరూ చెరిపేయలేరు.

మీ ఇంట్లో హెచ్‌డీవీ టేపులుంటే, వాటిని ఆడించే కెమెరా ఎవరి దగ్గరైనా పనిచేస్తున్నప్పుడే ఫైలుగా దింపించి పెట్టుకోండి. డీవీడీ చేసిమ్మని అడక్కండి. ఫైర్‌వైర్ తీగ ద్వారా, మళ్లీ కుదించకుండా, టేపులో ఉన్నది ఉన్నట్టు దింపమని చెప్పండి. గంట టేపుకు దాదాపు 12 జీబీ అవుతుంది.