మూడో పిన్ను పనేమిటి?

హైదరాబాద్‌లోని మదీనాగూడ, మియాపూర్, చందానగర్ అపార్ట్‌మెంట్లలో చాలామంది ఐటీ ఉద్యోగులకు 2020 లాక్‌డౌన్‌తో ఆఫీసు ఇంటికే వచ్చేసింది. పడకగదిలో ఫోన్ చార్జింగ్ కోసం పెట్టించుకున్న ప్లగ్ పాయింటే కంప్యూటర్‌కూ మానిటర్‌కూ రౌటర్‌కూ దిక్కయింది. మీటింగ్ మధ్యలో బొమ్మ ఆగితే నెట్ కంపెనీని తిట్టుకుంటాం. కంప్యూటర్ కేబినెట్ ముట్టుకున్నప్పుడు చెయ్యి జివ్వుమంటే మాత్రం ‘కొంచెం లీకేజీ’ అని సర్దుకుపోతాం. ముందు పట్టించుకోవాల్సింది ఆ జివ్వుమనడాన్నే.

కంప్యూటర్‌లోని పవర్ సప్లై 230 వోల్టుల కరెంటును సెకనుకు వేలసార్లు తెంపుతూ కలుపుతూ చిన్న వోల్టేజీలుగా మారుస్తుంది. అప్పుడు పుట్టే రేడియో రొదను దానిలోని ఫిల్టర్ కెపాసిటర్లు ఇనుప బాడీ మీదికి, అక్కడినుంచి ప్లగ్ మూడో పిన్ను ద్వారా ఎర్త్ వైరులోకి మళ్లిస్తాయి. ఎర్త్ లేకపోతే ఆ రొద కేబుళ్ల వెంట బయటపడి పక్కనున్న మీడియం వేవ్ రేడియోలో గరగరలాడుతుంది. అవే కెపాసిటర్లు బాడీని దాదాపు 115 వోల్టుల దగ్గర నిలబెడతాయి. చేతికి తెలిసేది అదే. ఆ కరెంటు స్వల్పమే. కానీ ఎప్పుడైనా ఫేజు వైరు ఒరిసి బాడీకి తగిలితే, ఎర్త్ ఉన్నచోట ఎంసీబీ ట్రిప్ అవుతుంది, లేనిచోట ముట్టుకున్న మనిషే కరెంటుకు దారవుతాడు. లీకేజీ కనిపెట్టి కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఆదుకుంటుంది గానీ, ఎర్త్‌కు అది బదులు కాదు.

ల్యాప్‌టాప్ అడాప్టర్లలో కొన్నిటికి రెండే పిన్నులుంటాయి కదా అనొచ్చు. అవి రెట్టింపు ఇన్సులేషన్‌తో అలాగే తయారయ్యాయి. మూడు పిన్నుల ప్లగ్‌కు రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించడం వేరు, అది ఎర్త్‌ను తెంపేస్తుంది. సాకెట్ వెనక న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేసే అడ్డదారి మరీ ప్రమాదం: ఎక్కడైనా న్యూట్రల్ తెగితే కేబినెట్ మీదికి 230 వోల్టులూ రావచ్చు. అద్దె ఇల్లయినా, ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించడానికి గోడ పగలగొట్టనక్కర్లేదు.

ఎర్త్ బాగుచేస్తే వైఫై బాగుపడుతుందా? పడదు, దాని జబ్బు వేరు. మన దేశంలో 2005లో లైసెన్సు ఎత్తేసిన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒకదానిమీదొకటి పడని చానళ్లు మూడే: 1, 6, 11. చుట్టుపక్కల ఫ్లాట్ల రౌటర్లన్నీ అక్కడే ఇరుక్కోవాలి, మైక్రోవేవ్ ఓవెన్ రొద కూడా అక్కడే. యూఎస్‌బీ 3 పరికరాలూ ఆ బ్యాండులో రొద చేస్తాయని 2012లో ఇంటెల్ చూపింది. మౌస్ డాంగిల్‌ను హార్డ్ డిస్క్ పక్కనుంచి చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరం జరిపితే చాలావరకు సరిపోతుంది. రౌటర్‌లో ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కు మారాలి. కదలని డెస్క్‌టాప్‌కైతే ల్యాన్ కేబుల్ వేస్తే ఈ రద్దీతో పనే లేదు. ఇవన్నీ అయ్యాకే కొత్త రౌటర్ ఆలోచన చేయాలి. ఎర్త్ పరీక్ష మాత్రం వీటన్నిటికంటే ముందు: వైఫై ఆగితే తెలిసిపోతుంది, ఎర్త్ లేని కంప్యూటర్ మాత్రం ప్రమాదం జరిగేదాకా బాగానే పనిచేస్తుంది.