పాత విమానాల జాతర
తాళంచెవి తిప్పితే స్టార్టయ్యే బండి కాదది. ఎదురుగా నిలబడ్డ మనిషి ప్రొపెల్లర్‌ను చేత్తో బలంగా కిందికి లాగి, చటుక్కున వెనక్కి జరగాలి. ఇంజిన్ ఒకటి రెండుసార్లు దగ్గుతుంది. ఆ తర్వాత టకటకమంటూ మేలుకుంటుంది... టైగర్ మాత్!

1931లో తొలిసారి ఎగిరిన ఈ రెండు సీట్ల బ్రిటిష్ విమానానికి రెక్కలు చెక్కవి, వాటిపై తొడుగు గుడ్డది. ఇంజిన్ శక్తి 130 హార్స్‌పవర్. నేర్పేవాడు ముందు సీట్లో, నేర్చుకునేవాడు వెనక. ఇద్దరి మధ్య మాటలకు ఓ గొట్టం! అప్పట్లో దీనికి బ్రేకులూ లేవు. అందుకే సిమెంటు రన్‌వే కన్నా పచ్చికబయలంటేనే దానికి ఇష్టం.

పచ్చికే విమానాశ్రయం
ఇలాంటి ముసలి విమానాల కోసం పాశ్చాత్య దేశాల్లో ఏటా పల్లెపట్టున జాతరలు జరుగుతాయి. వాటిని 'ఫ్లై-ఇన్' అంటారు. పూర్వం మన జాతరలకు ఎడ్లబళ్లు కట్టుకుని వెళ్లినట్టే, అక్కడ యజమానులు సొంత విమానాల్లో ఎగిరొస్తారు. ఇంగ్లండ్‌లోని వోబర్న్ ఆబీ మైదానంలో 1980లో మాత్ విమానాల సంబరం మొదలైంది. ఆ భవంతి యజమానురాలు, బెడ్‌ఫర్డ్ డచెస్ మేరీ అరవై దాటాక విమానాల మీద మనసు పడ్డారు. 1929లో పైలట్‌ను వెంటబెట్టుకుని కరాచీదాకా వచ్చి, ఎనిమిది రోజుల్లో తిరిగి ఇల్లు చేరారు. 1937లో తన మాత్‌లో ఒంటరిగా ఎగిరి మరి తిరిగి రాలేదు.

అమెరికాలో ఈ సందడి 1953లో మొదలై, 1970 నుంచి ఆష్‌కాష్‌లో స్థిరపడింది. ఏటా జులై చివర్లో వేల విమానాలు వచ్చి వాలతాయి. రెక్కల కిందే గుడారాలు, అక్కడే వంటలు!

మన ఓనమాలూ అక్కడే...
ఇదంతా సికింద్రాబాద్‌కు పరాయి కథేం కాదు. 1930ల్లోనే పక్కన బేగంపేటలో హైదరాబాద్ స్టేట్ ఏరో క్లబ్ వెలిసింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అక్కడి శిక్షణ పాఠశాలలో కుర్రాళ్లు ఓనమాలు దిద్దుకున్నది టైగర్ మాత్‌ల మీదే. 1945లో నిజాం ప్రభుత్వ రైల్వే, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. డకోటాలు నడిపిన ఆ సంస్థ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఫ్లయింగ్ క్లబ్బుల కోసం హెచ్ఏఎల్ తయారుచేసిన 'పుష్పక్' 1958లో గాల్లోకి లేచింది.

మరి అవన్నీ ఏమయ్యాయి? కొన్ని మ్యూజియాలకు చేరాయి. చాలావరకు తుక్కయ్యాయి. భారత వైమానిక దళం మాత్రం ఓ టైగర్ మాత్‌ను బాగుచేయించి 2012 వైమానిక దళ దినోత్సవంలో ఎగరేసింది. 2018లో ఓ డకోటా కూడా వచ్చి చేరింది. రాజీవ్ చంద్రశేఖర్ దాన్ని తుక్కులోంచి కొని, దళానికి బహూకరించారు. ఆయన తండ్రి ఒకప్పుడు డకోటా పైలట్. సంతోషమే... కానీ రెండింటికీ మరమ్మతు జరిగింది బ్రిటన్‌లో! ఒకప్పుడు ఎందరికో రెక్కలిచ్చిన దేశంలో, ఆ రెక్కకు గుడ్డ తొడిగే పనితనం అరుదైపోయింది.

ఎగిరితేనే బతుకు
ఇక్కడ అలాంటి జాతర అంత తేలిక కాదు. సికింద్రాబాద్ చుట్టూ హకీంపేట, దుండిగల్, బేగంపేట వైమానిక స్థావరాలున్నాయి. నచ్చినప్పుడు ఎగిరి, నచ్చిన పొలంలో దిగుతామంటే కుదరదు. అనుమతులు కావాలి. విడిభాగాలకూ కటకటే.

అయినా, 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక కూడా బేగంపేట మూగబోలేదు. రెండేళ్లకోసారి అక్కడ భారీ వైమానిక ప్రదర్శన జరుగుతోంది. కొత్త విమానాలు కొనేవాళ్లను వెతుక్కుంటూ వస్తాయి. అదే మైదానంలో ఒక్క పూట పాతవాటికీ చోటిస్తే?

అద్దాల వెనక నిలబెడితే విమానం ఆకారమే మిగులుతుంది. దాన్ని ఏటా ఒక్కసారి ఎగరేయాలన్నా ఇంజిన్ విప్పేవాళ్లు, గుడ్డ కుట్టేవాళ్లు, ప్రొపెల్లర్ లాగేవాళ్లు ఉండాలి. వాళ్ల పక్కన నిలబడి నేర్చుకునే కుర్రాడూ ఉండాలి. జాతర అసలు ఫలం అదే!