గర్భమున నే యంగము మొదటిది? సుశ్రుతుడును అరిస్టాటిలును

మా సంగం జాగర్లమూడిలో నొక సాయంకాలము నలుగురు బాలురకు అమరకోశము చెప్పుచుంటిని. జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అను నాలుగు తెగలు వచ్చినవి. స్వేదజములకు పురుగులు, దోమలు మొదలగునవి యుదాహరణములని చెప్పగా నొక బాలుడు, “పంతులుగారూ, దోమ నిలువనీటిలో గ్రుడ్లు పెట్టునని మా బడిలో చూపించినారు. అది యండజము గాక స్వేదజ మెట్లగును?” అని యడిగెను. పంచమ్యంతము ఉపపదముగా నుండగా జన ధాతువుపై డ ప్రత్యయము వచ్చి స్వేదజశబ్దము సిద్ధించునని చెప్పి యప్పటికి గట్టెక్కితిని. కాని వాని ప్రశ్న శబ్దమును గూర్చినది గాదు. స్వేదమునుండి పుట్టినదని ప్రత్యయము చెప్పును. ఆ పుట్టుట నెవరు చూచిరో చెప్పదు.

ఈ చిక్కు మనకే గాక యవనులకును గలదు. అరిస్టాటిలు (క్రీ.పూ. 384–322) వైద్యుని కుమారుడు, ప్లేటో శిష్యుడు. తర్కమునందును, కావ్యమీమాంసయందును ఆయన పేరు మన విద్వాంసు లెరుగుదురు. ఆయన రచనలలో పెద్ద భాగము జంతువులను గూర్చినదని యెరిగినవారు తక్కువ. లెస్బాసు ద్వీపమున కొంతకాల ముండి, అచ్చటి ఉప్పునీటి కయ్యలోని చేపలను, నత్తలను కోసి చూచినవాడాయన. జంతువృత్తాంత మను గ్రంథమున సుమారు 500 రకముల ప్రాణులను పేర్కొనెను. జంతూత్పత్తిని గూర్చియే వేరుగా 5 ప్రకరణముల గ్రంథము రచించెను. అందు సజీవముగా పిల్లలను కనునవి, గట్టిపెంకు గ్రుడ్లను పెట్టునవి, పెట్టిన పిదప పెరుగు మెత్తని గ్రుడ్లను పెట్టునవి, కడుపులోననే గ్రుడ్డును పొదిగి పిల్లను కనునవి, పురుగును కనునవి అని తరగతులు గలవు. వీనికి వెలుపల, తల్లిదండ్రులు లేక బురదనుండియు, క్రుళ్లినదానినుండియు తమంత పుట్టునవి కొన్ని యనెను. మలుగుచేప యట్టిదని యాయన తలంపు. ఎన్ని మలుగులను కోసినను గ్రుడ్లు గాని రేతస్సు గాని కనబడకుండుటయే యందులకు హేతువు. ఆ చేప గ్రుడ్లు పెట్టుటకు నదిని విడిచి మహాసముద్రమున కేగునని తెలియుటకు 20వ శతాబ్దము రావలసివచ్చెను. మాంసమునకు గుడ్డ కట్టి, ఈగ వ్రాలనిచో పురుగు పుట్టదని ఇటలీదేశీయుడు రెడీ 1668లో చూపెను. స్వేదజవర్గమునకు కాలము తీరుట అప్పటినుండియే. నాడు బాలునితో నేను చెప్పవలసిన మాట యిది.

అయితే నా మనస్సును పట్టినది వేరొక ప్రశ్న. గర్భమున నే యంగము మొదట పుట్టును?

సుశ్రుతసంహిత శారీరస్థానము మూడవ యధ్యాయమున దీనిని గూర్చి పెద్ద వాదమే కలదు. ఇంద్రియములకు మూలము గనుక శిరస్సు మొదటిదని శౌనకుడు. బుద్ధికిని మనస్సునకును స్థానము గనుక హృదయమని కృతవీర్యుడు. అందుండియే దేహము పెరుగును గనుక నాభి యని పారాశర్యుడు. చేష్టకు మూలములని పాణిపాదములను మార్కండేయుడు, తక్కిన యవయవము లన్నియు దానికే కట్టుపడుటచే మధ్యశరీరమును సుభూతిగౌతముడు చెప్పిరి. తుదకు ధన్వంతరి యీ మతములన్నిటిని త్రోసి, అంగము లన్నియు నొక్కసారియే పుట్టును, అతిసూక్ష్మములగుటచే కనబడవు, అని సిద్ధాంతము చేసెను. ఆయన దృష్టాంతములు వెదురుమొలకయు, మామిడికాయయు. పండిన మామిడిలో పీచు, కండ, టెంక వేరువేరుగా తెలియును. లేతపిందెలో నున్నను తెలియవు. చరకుని శారీరస్థానమునను ఇట్టి వాదమే, కొన్ని పేర్ల మార్పుతో, కనబడును.

అరిస్టాటిలు తన గ్రంథపు రెండవ ప్రకరణమున సరిగా నీ రెండు పక్షములనే నిలిపెను: అన్నియు నొక్కసారియా, లేక వల యల్లినట్లు ఒకదాని తరువాత నొకటియా? ధన్వంతరి చెప్పిన సూక్ష్మత్వహేతువును గూడ నాయన యెత్తి, దానికి సమాధానము చెప్పెను. ఊపిరితిత్తి హృదయముకంటె పెద్దది. అయినను హృదయము కనబడిన తరువాతనే యది కనబడుచున్నది. చిన్నదగుటచే కనబడలేదన్నచో చిన్న హృదయము ముందుగా కనబడి పెద్ద తిత్తి వెనుక కనబడుటేల? కావున ముందు అది లేదనియే చెప్పవలెను. ఒకరినొకరు ఎరుగని యిరువురు పండితులు ఒకే సభలో కూర్చుండి వాదించుచున్నట్లే యున్నది.

ఆయనకు బలము తర్కము మాత్రమే గాదు. హిప్పొక్రటీసు పేర ప్రచారమందున్న వైద్యగ్రంథములలో నొకదానియందు, రెండు మూడు పెట్టల క్రింద 20 గ్రుడ్లుంచి దినమున కొకటి చొప్పున పగులగొట్టి చూడుమని గలదు. అరిస్టాటిలు అట్లే చూచి, మూడు దినములు గడచినంతట తెల్లసొనలో నొక రక్తబిందువు కనబడి ప్రాణమున్నదానివలె కొట్టుకొనుననియు, అదియే హృదయమనియు, దానినుండి రెండు రక్తనాళములు వంకరగా సాగుననియు వ్రాసెను. నేను గ్రుడ్డు పగులగొట్టినవాడను గాను. కాని పొరుగింటివారు నాలుగైదు దినములు పొదిగిన గ్రుడ్డును చీకటిలో టార్చిలైటున కెదురుగా పట్టి చూపగా, ఎర్రని సాలెగూడు వంటి దొకటి, దాని నడుమ నల్లని చుక్కయు స్పష్టముగా కనబడెను.

ఇందుచే ధన్వంతరి యోడిపోయెనని వెంటనే తీర్పు చెప్పరాదు. సూక్ష్మదర్శినితో చూచినచో కోడిపిండమున తలకును వెన్నునకును మూలమైన తంతువు మొదటి దినముననే యేర్పడుననియు, హృదయము రెండవ దినమున కొట్టుకొన నారంభించుననియు నేటి శాస్త్రము. కావున క్రమోత్పత్తిపక్షము నిజము. దాని నిలిపిన కీర్తి అరిస్టాటిలుదే. కాని రూపమున శౌనకుని శిరస్సే ముందు, పనిచేయుటలో కృతవీర్యుని హృదయము ముందు. యవనుని కన్నునకు మూడవ దినమువరకు కనబడనిది మొదటి దినముననే కలదు. సూక్ష్మత్వము కంటికి అడ్డగునన్న ధన్వంతరి మాట అంతవరకు నిలుచును.

మా వ్యాకరణశాస్త్రమున కీ గ్రుడ్డు క్రొత్త గాదు. శబ్దము మొదట అండస్థితి నొందినట్లుండి పిమ్మట క్రమముతో భాగములుగా విప్పుకొనునని భర్తృహరి వాక్యపదీయమున చెప్పెను. నెమలిగ్రుడ్డు సొనలో పింఛపు రంగులు విడివడక యుండునట్లని వ్యాఖ్యాతల పోలిక. అరిస్టాటిలును అక్షరముల దృష్టాంతము నెత్తుట నాకు వింత గొల్పెను. తల్లిదండ్రుల ప్రతి యవయవమునుండి కొంత సారము వచ్చి బీజమగునను మతమును ఖండించుచు, ఒక పేరు మరియొక పేరును పోలినచో ఆ పోలిక అక్షరములలోను, వాని కూర్పులోను వెదకవలెనను రీతిగా నాయన వాదించెను. మనవారి మాటలో నది వర్ణానుపూర్వి. సరః అన్నను రసః అన్నను వర్ణము లవియే. క్రమము వేరగుటచే నర్థము వేరయ్యెను. ఆ క్రమ మే వర్ణమునుండి స్రవించును? మూతిమీసము రాని ప్రాయమున కన్న తండ్రికి, వెనుక మీసమున తన్ను పోలిన కుమారు డుండుటయు నాయన చూపిన హేతువులలో నొకటి.

ఇంత నిశితబుద్ధి స్త్రీ విషయమున తడబడెను. పురుషుడు రూపము నిచ్చును, స్త్రీ ద్రవ్యము మాత్రమే యిచ్చును. వడ్రంగి మంచమునకు తన దేహమునుండి కొయ్య నీయనట్లు, అని యాయన మతము. తండ్రి కుమ్మరి, తల్లి మట్టి యన్నమాట. ఇచ్చట చరకసుశ్రుతులే సత్యమునకు దగ్గర. ఎముకలు, గోళ్లు, దంతములు మొదలగు కఠినభాగములు తండ్రివి, మాంసము, రక్తము, హృదయము మొదలగు మృదుభాగములు తల్లివి అని వారు పంచిన పంపకము తప్పే. కాని ఇరువురును బిడ్డ రూపమునకు కర్తలే యన్న మూలసూత్రము ఒప్పు. క్షీరదముల స్త్రీబీజమును ఫాన్ బేర్ కనుగొన్నది 1827లో.

చివరకు మన తీరపు విషయము. గెలియోసు అను నున్ననిచర్మపు సొరచేప పిల్లలు బొడ్డుత్రాటితో తల్లి గర్భాశయమున నంటియుండి పశువుల పిల్లలవలె పెరుగునని అరిస్టాటిలు వ్రాయగా, పిమ్మటి విద్వాంసులలో పలువురు నమ్మరైరి. జర్మనీదేశీయుడు యోహాన్నెస్ మ్యూల్లరు 1842లో దానిని కోసి చూపి నిజమనెను. అంతకు మూడేండ్ల ముందు హెన్లేతో గూడి సొరజాతులకు పేర్లు పెట్టినప్పుడు, ఒకదానికి మన తూర్పుతీరపు మాటయైన ‘సొర్ర’నే చేర్చినవా డీయనయే. విశాఖపట్టణపు చేపలను 200 చిత్రములతో పాట్రిక్ రస్సెల్ 1803లో ప్రకటించినప్పుడు వానికి తెలుగు పేర్లే యుంచెను. అందు పాలసొర యొకటి. బాలింతలకు పాలు పడునని పెట్టు చేప యిదియే. ఇదియు బొడ్డుత్రాటితోనే పిల్లలను పెంచును. నిజాంపట్టణపు రేవున వేటకు పోవు నొక పెద్దను దీనిని గూర్చి యడుగగా, తాను చిన్ననాటినుండి చూచుచున్నదే యని చెప్పి, ఇందులో వింత యేమని నన్నే తిరిగి యడిగెను.

మరునాడు పాఠమున నీ సంగతి చెప్పితిని. పాలసొర చేప గనుక అండజమా, బొడ్డు గలది గనుక జరాయుజమా యని మొదటి బాలుడే మరల నడిగెను. నల్లబల్లమీద రెండు గడుల నడుమ గీతపై దాని పేరు వ్రాసి యుంచితిని.