మైనరు బిడ్డల బేరములు

బడి జీతమునకై దాచిన సొమ్మును పదునాలుగేండ్ల బాలుడు తీసికొనిపోయి తనకుతానే ఫోను కొనితెచ్చెననుకొనుడు. తల్లి మరునాడే దానిని అంగడికి గొనిపోగా, "అమ్మిన సరకు తిరిగి పుచ్చుకొనము" అని వర్తకుడు పలుకును. ఆ పలుకే కడపటి మాటయని తలంచి మనలో పెక్కండ్రు ఊరకే మరలివచ్చుచున్నారు. అది సరికాదు.

1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము, 11వ సెక్షను ననుసరించి, మైనరునకు ఒడంబడిక చేయు యోగ్యత లేదు. పదునెనిమిదేండ్లు నిండువరకు మైనరేయని 1875 నాటి చట్టము చెప్పుచున్నది. కలకత్తాలో ధర్మదాసు ఘోషు అను మైనరు 1895లో తన యిండ్లను 20,000 రూపాయల యప్పునకై తాకట్టు పెట్టెను. ఆ వ్యాజ్యెము ప్రివీ కౌన్సిలు వరకు పోయెను. మైనరు చేసిన ఒడంబడిక మొదటినుండియు చెల్లదని 1903లో తీర్పు వెలువడెను. మన న్యాయస్థానములకు నేటికిని అదియే ఆధారము.

బేరమే చెల్లనపుడు సొమ్ము మరల నిమ్మని యడుగుటకు తల్లికి గట్టి యాధారమున్నది. అయితే వస్తువును చెడకుండ అప్పగింపవలయును. పగులగొట్టిన ఫోనును చేతబట్టుకొని పూర్తి వెల యడుగుట ధర్మము గాదు. మైనరు పొందిన లాభమును తిరిగి యిప్పించు అధికారము 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టమున న్యాయస్థానమునకు గలదు. అన్నవస్త్రముల వంటి అవశ్యకముల సంగతి వేరు. వాని వెలను మైనరు ఆస్తినుండి వర్తకుడు రాబట్టుకొనవచ్చును. ఫోను సైతము అవశ్యకమేయని మన పిల్లలు వాదింతురు గాని, ఆ వాదము ఇంటివరకే!

ఇచ్చట నొక చిక్కు గలదు. మనమే డబ్బిచ్చి బిడ్డను అంగడికి పంపినచో ఆ బేరము బిడ్డది గాదు, మనదే. మైనరు ఏజెంటు కావచ్చునని 184వ సెక్షను అంగీకరించినది. పిమ్మట "పసివాడు, తెలియక తెచ్చినాడు" అనుట చెల్లదు. ఈ విషయమున వర్తకుని తప్పుపట్టుటకు నాకు నోరాడదు.

సరకే లోపముగలదైనచో, కొన్నవారెవరైనను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము తోడ్పడును. రసీదులో గడువు లేనిచో 30 దినములలోపల లోపపు సరకును పుచ్చుకొని సొమ్మీయకుండుట అన్యాయ వ్యాపారమే. మైనరు పక్షమున తల్లియే ఫిర్యాదు చేయవచ్చును. భర్త సెలవు దొరకువరకు వేచియుండ నక్కరలేదు. జిల్లా కమిషనులో 5 లక్షల రూపాయల వెలవరకు రుసుము లేదు. రెండేండ్లలోపల దాఖలు చేయవలయును. 1915 అను సంఖ్యకు ఫోను చేసినను సలహా లభించును.

రసీదును, వస్తువు వచ్చిన పెట్టెను, బిడ్డ జన్మపత్రపు నకలును తీసికొని ఆ సాయంకాలమే అంగడికి పొండు. వర్తకుడు కాదన్నచో ఆ మాటను కాగితముపై వ్రాసి యిమ్మని యడుగుడు.