పసుపు దీపం వెలిగింది.. బండి పికప్ పోయింది

గిద్దలూరు: నంద్యాల ఆసుపత్రికి బయలుదేరిన డీజిల్ కారు దిగువమెట్ట దాటి నల్లమల ఘాట్ ఎక్కుతుండగా మీటరులో ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగింది. ఆ వెంటనే పికప్ పోయింది. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినా బండి లాగదు. వెనక సీట్లో నెలలు నిండిన గర్భిణి, పక్కన ఆమె తల్లి. బండి ఆపాలా, అలాగే పోవాలా? డ్రైవరుకు పాలుపోలేదు. ముందు సీట్లో కూర్చున్న ఈ విలేఖరికీ అంతే.

డ్రైవరు బండి పక్కకు తీసి ఇంజను ఆపి, మళ్లీ స్టార్ట్ చేశాడు. కాస్త దూరం బాగానే లాగింది. మలుపు తిరిగి ఎత్తు రాగానే మళ్లీ అదే తంతు. అలా రెండో గేరులో ఈడ్చుకుంటూ ఘాట్ దాటారు. సమయానికి ఆసుపత్రి చేరారు. తల్లీబిడ్డా క్షేమం.

అసలు కష్టం మర్నాడు మొదలైంది. మొదట చూపించిన షెడ్డులో మెకానిక్ బానెట్ అయినా సరిగ్గా చూడకుండా "పంపు పోయింది, ఇంజెక్టర్లూ మార్చాలి" అన్నాడు. ముప్పై వేలకు పైమాటే. కారు మీదే బతికే కుటుంబం, అప్పటికే వాయిదాలు నడుస్తున్నాయి. అప్పుకు తిరగబోతూ, ఎవరో చెప్తే మరో షెడ్డుకు తీసుకువెళ్లారు.

అక్కడి మెకానిక్ ముందు పానా పట్టలేదు. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దానికి స్కానర్ తగిలించాడు. పి0299 అని కోడ్ వచ్చింది. టర్బో నుంచి ఇంజనుకు చాలినంత గాలి ఒత్తిడి అందడం లేదని దాని అర్థం. ఇక్కడే చాలామంది పొరబడతారు. కోడ్ రోగ లక్షణాన్ని చెబుతుంది, పాడైన సామాను పేరు చెప్పదు. ఈ కోడ్ చూసి టర్బోనే మార్చేసిన వాళ్లున్నారు. ఈయన మాత్రం టర్బో నుంచి వచ్చే రబ్బరు గొట్టం పొడవునా చేత్తో తడిమాడు. క్లిప్పు కింద నూనె జిడ్డు తగిలింది. విప్పితే వేలెడంత పగులు. గొట్టం, క్లిప్పు మార్చాడు. కోడ్ చెరిపి, ఎత్తు రోడ్డు మీద నడిపి చూశాడు. దీపం మళ్లీ వెలగలేదు.

మరి చదును రోడ్డు మీద బాగా పోయిన బండి ఘాట్‌లోనే ఎందుకు మొరాయించింది? సైలెన్సరుకు పోయే పొగ వేగంతో తిరిగే టర్బో, గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. బరువు లాగేటప్పుడే ఆ ఒత్తిడి పెరుగుతుంది, పగులు అప్పుడే నోరు తెరుస్తుంది. గాలి తగ్గినట్టు సెన్సారు చెప్పగానే కంప్యూటర్ డీజిల్ తగ్గిస్తుంది. ఇంజను పాడు కాకుండా అది తనంతట తాను వేసుకునే పగ్గం. తొక్కినప్పుడు బానెట్ కింద బుస్సుమన్న శబ్దం వస్తే ముందు గొట్టాలే చూడమనండి.

ఏ దీపానికి ఆగాలి?

పసుపు దీపం నిలకడగా వెలిగితే, వేరే శబ్దం, వాసన లేకుంటే నెమ్మదిగా షెడ్డుకు పోవచ్చు. పెట్రోలు బండిలో అదే దీపం మినుకు మినుకుమంటే పోకూడదు. కాలని పెట్రోలు సైలెన్సరు వైపు పోయి, అక్కడుండే కన్వర్టరును కాల్చేస్తుంది. అది ఖరీదైన సామాను. ఎర్రటి నూనె డబ్బా బొమ్మ వెలిగితే, ఎంత తొందర ఉన్నా అక్కడికక్కడే ఇంజను ఆపాలి. ఎర్రటి వేడి దీపానికీ ఆపాలి. వేడి మీద రేడియేటరు మూత మాత్రం విప్పవద్దు.

2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బి.ఎస్.6 డీజిల్ కార్లలో ఇంకో తంటా ఉంది. పొగలోని మసిని పట్టే ఫిల్టరు సైలెన్సరు దారిలో ఉంటుంది. అది బాగా వేడెక్కితేనే మసి కాలిపోతుంది. ఊరి నుంచి చేనుకు, చేను నుంచి ఊరికి తిరిగే బండిలో ఆ వేడి రాదు. మసి పేరుకుంటుంది, దీపం వెలుగుతుంది, బండి లాగదు. ఆ ఫిల్టరు దీపం వెలిగిన కొత్తలోనే పెద్ద రోడ్డు మీద ఆగకుండా ఓ అరగంట నడిపితే చాలాసార్లు తగ్గుతుంది. నెలల తరబడి వదిలేస్తే షెడ్డు తప్పదు.

మన ఊళ్లలో మరికొన్ని కారణాలూ ఉన్నాయి. మట్టి రోడ్ల దుమ్ముకు ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతుంది. డబ్బాల్లో నిలవ ఉంచిన డీజిల్‌లో నీరు చేరుతుంది. గడ్డివాము పక్కన నిలిపిన కారులో ఎలుకలు వైర్లు కొరుకుతాయి. పంపు మాట ఎత్తకముందు ఇవి చూడడానికి పెద్దగా ఖర్చు కాదు.

బ్యాటరీ వైరు పీకి దీపం ఆర్పే మెకానిక్‌లూ ఉన్నారు. దానితో కోడ్ కూడా చెరిగిపోతుంది, రోగం అక్కడే ఉంటుంది. అందుకని ముందు కోడ్ చదివించి కాగితం మీద రాయించుకోండి. ఫోనుతో పనిచేసే చిన్న స్కానర్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. మన డ్రైవరు కూడా ఒకటి కొని డిక్కీలో వేసుకున్నాడు. విప్పిన పాత గొట్టాన్ని పారేయకుండా, దాని పక్కనే ఉంచాడు.