సౌరవిద్యుత్ సాంకేతికత – భద్రత: రేపల్లె తీరప్రాంత నేపథ్యం

కీలకపదాలు: సౌరఫలకం, ఇన్వర్టర్, ఏకముఖ విద్యుత్తు, విద్యుత్ చాపం, ఎర్తింగ్, రేపల్లె.

1. ఉపోద్ఘాతం:
కాంతి సోకినప్పుడు విద్యుత్తు పుట్టే ధర్మాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకరెల్ 1839లో గుర్తించాడు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల సుమారు 6 శాతం సామర్థ్యం గల సిలికాన్ సౌరఘటాన్ని ప్రదర్శించింది. భారతప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో కోటి ఇళ్లు లక్ష్యంగా ‘పీఎం సూర్యఘర్’ పథకాన్ని ప్రారంభించి, 3 కిలోవాట్ల వ్యవస్థకు రూ. 78,000 రాయితీ ప్రకటించింది. ఫలకాలు ఇంటికప్పు మీదికి చేరిన ఈ దశలో ఇంజనీర్ల పరిశోధనలో భద్రత ప్రధానాంశమైంది. బాపట్ల జిల్లాలో, కృష్ణా డెల్టా చివర సముద్రానికి చేరువలో ఉన్న రేపల్లె ప్రాంతానికి ఆ పరిశోధన ఎలా వర్తిస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ‘కరెంటు తీసేయడం’ – మారిన అర్థం:
మెయిన్ స్విచ్ దించితే కరెంటు తీసేసినట్టేనని లోకవ్యవహారం. సౌరవిద్యుత్తు విషయంలో ఈ అర్థం చెల్లదు. ఎండ ఉన్నంతసేపు ఫలకాల నుంచి ఇన్వర్టర్ వరకు ఉన్న తీగల్లో వోల్టేజీ ఉంటూనే ఉంటుంది. ఒక్కో ఫలకం 40 వోల్టులిస్తే, వరుసగా కలిపిన పది ఫలకాలు 400 వోల్టులిస్తాయి. మంటలార్పే సిబ్బందికి ఇదే ప్రాణాపాయం. అందుకే అమెరికా విద్యుత్ నియమావళి 2014లో ఇంటికప్పు వ్యవస్థలకు సత్వర నిలుపుదల సదుపాయాన్ని తప్పనిసరి చేసింది.

వీధిలైను సంగతి వేరు. సరఫరా ఆగగానే గ్రిడ్‌కు కలిసిన ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోవాలి. లేనియెడల స్తంభమెక్కిన లైన్‌మన్ వైపు ఇంటి నుంచే విద్యుత్తు ఎదురు ప్రవహిస్తుంది.

3. విద్యుత్ చాపం:
ఇళ్లకు వచ్చే ఏకాంతర విద్యుత్తు సెకనుకు 100 సార్లు సున్నాను దాటుతుంది. అప్పుడు నిప్పురవ్వ ఆరిపోయే అవకాశముంది. ఫలకాలిచ్చే ఏకముఖ విద్యుత్తుకు ఆ విరామం లేదు. కనెక్టర్ వదులైతే పుట్టే చాపం వేల డిగ్రీల వేడితో కొనసాగి తీగ పైతొడుగును అంటించగలదు. కనుక ఏకముఖ విద్యుత్తుకు తగిన స్విచ్చులు, ఒకే రకం కనెక్టర్లు వాడటం అవసరం.

4. ఉప్పుగాలి, తుఫాను, వరద:
తీరగాలిలోని లవణం బిగింపులను, ఎర్తింగ్ అతుకులను తినేస్తుంది. తుప్పుపట్టిన అతుకు పైకి బాగానే కనబడినా లోపాన్ని భూమికి చేర్చలేదు. ఫలకాలు లవణతుంపరను తట్టుకునే తీరును పరీక్షించడానికి ఐఈసీ 61701 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. ఇటువంటిచోట చట్రం గాలి తాకిడికి నిలిచేట్టు స్లాబుకు బిగించాలి. ఇన్వర్టర్‌ను వరదనీరు అందని ఎత్తులో అమర్చాలి. నీట మునిగిన ఫలకాలను పగటివేళ తాకరాదు.

5. ముగింపు:
ఫలకం పాతికేళ్లు పనిచేస్తుందని లెక్కగట్టే గృహస్థు, అతుకుల తనిఖీని కూడా అంతకాలం కొనసాగించాలి. ఇంజనీరు కనుగొన్న జాగ్రత్త స్విచ్చు పక్కన తెలుగులో రాసి ఉన్నప్పుడే ఇల్లాలికి, లైన్‌మన్‌కు ఉపకరిస్తుంది. సాంకేతిక పదాల తెలుగు వివరణ ఈ కారణంగా భాషాధ్యాపకుల బాధ్యత కూడా అవుతుంది.