తూటా 3.56 గ్రాములు, డేగ 1,000 గ్రాములు

అమెరికాలో కొయోటీలను వేటాడేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటి ఉంది: ఏ తూటా మంచిది? కొయోటీ మన నక్కకు దగ్గరి చుట్టం, బరువు 9 నుంచి 20 కిలోల దాకా ఉంటుంది. గొర్రెల మందల మీద పడుతుంది కాబట్టి అక్కడి రైతులు తుపాకీ దగ్గర పెట్టుకుంటారు. ఖతార్‌లో కొయోటీ లేదు. ఎడారిలో ఎర్ర నక్కలు తిరుగుతాయి కానీ వాటి కోసం ఎవరూ తూటాల లెక్కలు వేయరు. అయినా ఇలాంటి పంచాయితీయే దోహా నడిబొడ్డున, సూక్ వాకిఫ్ డేగల బజారులో నడుస్తూ ఉంటుంది. అక్కడ అడిగే ప్రశ్న వేరు: హుబారా అనే పిట్టను పట్టడానికి ఏ డేగ మంచిది?

రెండు ప్రశ్నలూ ఒకే లెక్క మీద నిలబడ్డాయి. వేటకు గురయ్యే జీవి బరువెంత, దూరమెంత, నేల ఎలాంటిది? ఈ మూడూ తేల్చుకోకుండా అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్నదాన్ని కొనేవాడు తుపాకీ దుకాణంలోనూ, డేగల బజారులోనూ డబ్బు పోగొట్టుకుంటాడు.

ముందు తూటా సంగతి చూద్దాం. కొయోటీ వేటలో బాగా వాడుకలో ఉన్నది .223 రెమింగ్టన్. దాని గుండు వ్యాసం 5.7 మిల్లీమీటర్లు, మామూలుగా వాడే గుండు బరువు 55 గ్రెయిన్లు, అంటే 3.56 గ్రాములు. తుపాకీ గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు 988 మీటర్లు. బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే శక్తి వస్తుందని హైస్కూల్లో చదువుకున్నాం కదా, ఆ లెక్కన 1,738 జౌల్స్. అదే గుండును ఇంకా పెద్ద ఇత్తడి గొట్టంలో, ఎక్కువ మందుతో బిగిస్తే .22-250 అవుతుంది: సెకనుకు 1,122 మీటర్లు, 2,240 జౌల్స్. 1955లో వచ్చిన .243 విన్‌చెస్టర్ 6.5 గ్రాముల గుండును సెకనుకు 900 మీటర్లతో పంపి 2,640 జౌల్స్ చూపిస్తుంది. 2004లో వచ్చిన .204 రూగర్ గుండు రెండు గ్రాములే, వేగం మాత్రం 1,288 మీటర్లు, శక్తి 1,720 జౌల్స్. కింది మెట్టున .17 హెచ్‌ఎంఆర్ 330 జౌల్స్ దగ్గర, పాత .22 లాంగ్ రైఫిల్ 170–190 జౌల్స్ దగ్గర ఆగిపోతాయి. కొయోటీకి ఈ చివరిది చాలదని అనుభవజ్ఞులు గట్టిగా చెబుతారు. గాయపడ్డ జంతువు పొదల్లోకి పోయి గంటల తరబడి బాధపడి చస్తుంది కాబట్టి ఆ మాట పట్టించుకోవాల్సిందే.

మరి 2,640 జౌల్స్ ఉన్నదే కొంటే సరిపోదా? సరిపోదు. చర్మం అమ్ముకునేవాడికి శరీరంలోనే చిట్లి ఆగిపోయే తేలిక గుండు కావాలి. బరువైనది అటువైపు పెద్ద రంధ్రం చేసుకుని వెళ్ళిపోతే చర్మం పాడవుతుంది. గాలి ఎక్కువున్న మైదానంలో మళ్ళీ బరువే మేలు. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి, .223 తేలిక గుండును 275 మీటర్లు వెళ్ళేసరికి 20 సెంటీమీటర్ల పైనే పక్కకు నెట్టేస్తుంది. కొయోటీ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు జానెడు కూడా ఉండదు. అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న, గుండు తప్పితే ఎక్కడ పడుతుంది అన్నది. .223 గుండు ఏటవాలుగా పైకి లేస్తే రెండున్నర కిలోమీటర్లు దాటి పోగలదు.

ఈ చివరి అంకెను ఖతార్ నేల మీద పెట్టి చూడండి. దేశం మొత్తం విస్తీర్ణం 11,500 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన పాత ఉమ్మడి అనంతపురం జిల్లా 19,130. దేశంలో అతి ఎత్తైన చోటు ఖురైన్ అబూ అల్ బౌల్, ఎత్తు 103 మీటర్లు. గుండును ఆపడానికి వెనక కొండ లేదు, చెట్టు లేదు. చలికాలం వస్తే ఎడారి నిండా కుటుంబాల డేరాలు, ఒంటెలు, బండ్లు. అంత బల్లపరుపు నేలలో దూరం పోయే తూటా కన్నా పిలిస్తే తిరిగొచ్చే డేగే నయమని నేను నమ్ముతాను. ఆ డేగకు తూటాతో సమానమైన బలం ఉందా అంటే, లెక్క వేసి చూడవచ్చు.

కిలో బరువున్న డేగ పైనుంచి గంటకు 216 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 60 మీటర్లతో దూకిందనుకోండి. శక్తి 1,800 జౌల్స్. .223 గుండుతో దాదాపు సమానం! ద్రవ్యవేగం చూస్తే డేగదే పైచేయి: గుండుది 3.5, డేగది 60, అంటే 17 రెట్లు. అందుకే గుండు దూసుకుపోతుంది, డేగ దెబ్బకు పిట్ట గాల్లోనే పల్టీలు కొడుతుంది. దూకుడులో పెరిగ్రిన్ డేగను మించిన పక్షి లేదు. విమానంలోంచి దూకిన మనిషి వెంట దిగిన ఒక పెంపుడు పెరిగ్రిన్ గంటకు 389 కిలోమీటర్ల వేగం అందుకున్నట్టు నమోదైంది.

అసలు విశేషం ఇంకోచోట ఉంది. అరేబియా ఎడారిలో ఎక్కువగా జరిగేది ఆ నిట్టనిలువు దూకుడు కాదు, నేలను ఒరుసుకుంటూ సాగే తరుము. అక్కడ వేగం సెకనుకు 20 మీటర్ల చుట్టూ ఉంటుంది. శక్తి 200 జౌల్స్, అంటే కొయోటీకి చాలదన్న .22 లాంగ్ రైఫిల్ స్థాయి. ముందున్న పిట్ట కూడా అదే దిక్కుకు పారిపోతుంది కాబట్టి నిజంగా తగిలేది ఇంకా తక్కువ. అయినా వేట పూర్తవుతుంది, ఎందుకంటే ఈ తరుములో డేగ దెబ్బతో చంపదు. గోళ్ళతో పట్టి, ముక్కు అంచున ఉన్న పంటిలాంటి నొక్కుతో మెడ కొరికి చంపుతుంది. జౌల్స్ పట్టికలో ఈ పని చూపించే గడే లేదు.

బజారులో వినపడే పేర్లు ముఖ్యంగా మూడు. ఒకటి షాహీన్, అంటే పెరిగ్రిన్. మనం భైరి డేగ అంటాం. ఆడది 700 నుంచి 1,500 గ్రాములు. ఎత్తునుంచి దూకడంలో దానికి సాటి లేదు కానీ, నేల మీద పొదల మధ్య పెనుగులాటకు అంత ఓపిక పట్టదని అక్కడి వేటగాళ్ళ అభిప్రాయం. రెండోది సేకర్, అరబ్బులు హుర్ అంటారు. ఆడది 970 నుంచి 1,300 గ్రాములు. మధ్య ఆసియా గడ్డిమైదానాల పక్షి, నేల మీది జంతువులను పట్టి బతికేది, ఎండకూ ఇసుకకూ ఓర్చుకునేది. తరతరాలుగా బెదూయిన్ల నమ్మకం దీని మీదే. మూడోది ధ్రువప్రాంతపు గిర్ ఫాల్కన్, డేగజాతిలో అతి పెద్దది, ఆడది 2,100 గ్రాముల దాకా తూగుతుంది. నేరు పరుగులో బలం దానిదే. గల్ఫ్ వేడిలో మాత్రం ఊపిరితిత్తులకు బూజు జబ్బు పట్టి చావడం మామూలు. అందుకే గిర్‌ను సేకర్‌తోనో పెరిగ్రిన్‌తోనో కలిపి యూరప్ ఫారాల్లో పుట్టించిన సంకర డేగలు ఎక్కువగా వస్తున్నాయి. మూడింటిలోనూ ఆడదే పెద్దది, మగది దాదాపు మూడో వంతు చిన్నది. కాబట్టి వేటకు అడిగేది ఆడదాన్నే.

జాతి ఎంచుకోవడంతో పని అయిపోదు. కిలో తూగే డేగను దాని యజమాని గ్రాముల్లో కాపాడుకోవాలి. సూక్ వాకిఫ్ దుకాణాల్లో ఇసుక పరిచిన అరుగు మీద, వకర్ అనే పొట్టి కొయ్య నిలువుల మీద తోలు టోపీలు పెట్టుకుని డేగలు వరసగా కూచుని ఉంటాయి. తూకంలో ఒక డేగ మామూలు కన్నా 30, 40 గ్రాములు ఎక్కువ చూపించిందంటే ఆ రోజు దాన్ని వదలరు. కడుపు నిండిన డేగకు యజమాని పిలుపుతో అవసరం లేదు, గాల్లోకి లేచి అటే పోతుంది. అదే 40 గ్రాములు తగ్గితే రెక్కల్లో సత్తువ ఉండదు. పిట్టను పట్టడం అటుంచి, తిరిగి రావడమే కష్టం. ఆ సన్నని గీత మీద డేగను నిలబెట్టేది పొద్దున పెట్టే కౌజు మాంసం ముక్క, యజమాని కన్ను.

అదే బజారు పక్కన డేగల ఆసుపత్రి ఉంది. అక్కడ చేసే పనుల్లో నాకు ముచ్చటగొలిపేది ఈక అతుకు. డేగ రెక్కకు 10 ప్రధాన ఈకలు, తోకకు 12. వాటిలో ఒకటి విరిగితే మళ్ళీ మొలవడానికి ఈకలు రాలే కాలం దాకా ఆగాలి. ఆగకుండా, విరిగిన కాడను నున్నగా కోసి, లోపల సన్నని పుల్ల దూర్చి, వేరే డేగ రాల్చిన అదే వరస ఈకను, అదే పొడవు, అదే వంపు చూసి జిగురుతో బిగిస్తారు. అతుకు ఒక మిల్లీమీటరు పక్కకు తిరిగినా గాలి కోత మారిపోతుంది.

ఇంత శ్రద్ధా దేని కోసం? హుబారా కోసం. మన కర్నూలు, నంద్యాల వాళ్ళకు దీన్ని పరిచయం చేయడం తేలిక. రోళ్ళపాడు అభయారణ్యం ఏ పక్షి కోసం 1988లో ఏర్పడిందో, ఆ బట్టమేక పిట్ట కుటుంబమే ఇదీ. బట్టమేక పిట్ట మగది 15 కిలోల దాకా ఉంటే హుబారా రెండు కిలోల చుట్టూ ఉంటుంది. అంటే డేగ తనకు రెట్టింపు బరువున్న పక్షి మీదకు వెళ్తుంది. హుబారా కూడా తేలిగ్గా చిక్కదు. ఇసుక రంగులో కలిసిపోతుంది, పరుగెడుతుంది, గాల్లో మలుపులు తిరుగుతుంది, డేగ మీద పడబోతుంటే జిగురులాంటి రెట్ట చిమ్ముతుంది. అది రెక్కలకు అంటుకుంటే ఈకలు అతుక్కుపోయి డేగ ఆ రోజుకు పనికిరాదు. ఈ పోరులో హుబారా తప్పించుకుపోయే అవకాశం నిజంగా ఉంది. రైఫిల్ ముందు అది లేదు.

రైఫిల్, కారు కలిస్తే ఏమవుతుందో అరేబియా ఒకసారి చూసింది. ఖతార్ జాతీయ జంతువు అరేబియన్ ఒరిక్స్‌ను జీపుల్లో తరిమి కాల్చి కాల్చి, 1972లో ఒమన్ ఎడారిలో చివరిదాన్నీ చంపేశారు. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. 1962లో ముందుచూపుతో పట్టి అమెరికాలోని ఫీనిక్స్ జూకు చేర్చిన కొన్ని ఒరిక్స్‌లూ, గల్ఫ్ పాలకుల తోటల్లో మిగిలినవీ లేకపోతే ఆ జాతి కథ అక్కడితో ముగిసేది. 1982లో మళ్ళీ ఎడారిలో వదిలారు. 2011లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ దాని స్థితిని ఒక మెట్టు మెరుగుపరిచింది. అడవిలో పూర్తిగా అంతరించిన జంతువు ఆ మెట్టుకు రావడం అదే మొదటిసారి.

ఖతార్‌లో వేటను 2002 నాటి 4వ నంబరు చట్టం నియంత్రిస్తుంది. ఏ పిట్టను ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పట్టవచ్చో పర్యావరణ మంత్రిత్వ శాఖ ఏటా ప్రకటిస్తుంది. హుబారాను డేగతో మాత్రమే వేటాడాలి. పిట్టల అరుపులు వినిపించి రప్పించే ఎలక్ట్రానిక్ యంత్రాలు నిషేధం. దోహాలో ఉండే మనవాళ్ళు శీతాకాలం క్యాంపింగ్‌కు వెళ్ళినప్పుడు సరదాకు పిట్టలు పట్టాలనుకుంటే ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

సొంత గడ్డ మీద హుబారా అరుదై, వేటగాళ్ళు దేశాలు దాటారు. డేగలకూ పాస్‌పోర్టులుంటాయి. ఖతార్ ఎయిర్‌వేస్ ఎకానమీ తరగతిలో ప్రయాణికుడికి ఒక డేగను, మొత్తం ఆరింటి దాకా అనుమతిస్తుంది. పాకిస్తాన్ ఇచ్చే ప్రత్యేక అనుమతికి లక్ష డాలర్లు, 10 రోజుల్లో 100 హుబారాలు పరిమితి. 2015 ఆగస్టులో అక్కడి సుప్రీంకోర్టు ఈ వేటను పూర్తిగా ఆపేసింది, 2016 జనవరిలో ఆ తీర్పును తిరగదోడింది. హుబారా అంతర్జాతీయ జాబితాలో ముప్పున్న పక్షి. డబ్బున్నంత మాత్రాన ఆ 100 అంకె సబబు అయిపోదని నా గట్టి అభిప్రాయం. ఈ మోజు మనుషుల ప్రాణం మీదకూ వచ్చింది. 2015 డిసెంబరులో ఇరాక్ దక్షిణ ఎడారిలో హుబారా వేటకు వెళ్ళిన 26 మంది బృందాన్ని సాయుధులు ఎత్తుకెళ్ళారు. వాళ్ళు బయటపడింది 2017 ఏప్రిల్‌లో, 16 నెలల తర్వాత.

మరోవైపు, డేగను ఎంచుకునే లెక్కే మారుతోంది. జనవరిలో ఖతార్‌లోని సీలైన్ దగ్గర సబ్ఖత్ మర్మీలో జరిగే ఉత్సవంలో డేగలు 400 మీటర్లు నేరుగా ఎగిరి, యజమాని ఊపే ఈకల ఎరను అందుకోవాలి. గెలిచేవి 20 సెకన్లలోపే వచ్చేస్తాయి, సెకనులో వందో వంతు దగ్గర బహుమతి తేలుతుంది. ఈ పందెంలో హుబారా లేదు. రెట్ట లేదు, పొదల్లో పెనుగులాట లేదు. కావలసింది నేరు పరుగు ఒక్కటే కాబట్టి సేకర్ ఓర్పుకు విలువ తగ్గి, గిర్ రక్తం ఉన్న ఫారం డేగలకు గిరాకీ పెరిగింది. అంతరించే ప్రమాదంలో ఉన్న సేకర్‌ను వలవేసి పట్టాల్సిన అవసరం ఆ మేరకు తగ్గుతుంది.